వేలాడే గిన్నెల రాక్ ఎంపిక – రెండవ పాఠం: బరువు, ఎత్తు, కొక్కేలు

రోజూ వాడే పాత్రలను, ఎప్పుడో ఒకసారి దించే పాత్రలను గత పాఠంలో వేరు చేసుకున్నాము. ఈ పాఠానికి రోజూ వాడేవి మాత్రమే కావాలి. వేలాడే రాక్ చూడడానికి ఎంత అందంగా ఉన్నా, వంట మధ్యలో చేయి చాచగానే పాత్ర అందకపోతే అది వంటింటికి బరువే తప్ప ఉపయోగం కాదని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఆ పాత్రలన్నిటినీ ఒక గట్టి సంచిలో వేసి తూచండి. 30 సెంటీమీటర్ల పోత ఇనుప పెనం ఒక్కటే మూడు కిలోలు దాటుతుంది కనుక, కంటి అంచనాను నమ్మకండి. వచ్చిన బరువుకు రాక్ సొంత బరువు కలిపి, ఆ మొత్తానికి కనీసం రెట్టింపు మోయగల రాక్‌నే ఎంచుకోండి. పాత్రను తీసేటప్పుడు, తగిలించేటప్పుడు పడే కుదుపు నిలకడగా ఉన్న బరువు కంటే ఎక్కువగా లాగుతుంది.

గొలుసుల విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. 20 కిలోల బరువు రెండు నిలువు గొలుసులకు వేలాడితే ఒక్కొక్కదాని మీద 10 కిలోలే పడతాయి. అవే రెండు గొలుసులు పైన ఒకే కొక్కేనికి చేరి, పైకప్పుతో 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా దిగితే, ఒక్కొక్క గొలుసు మీద పూర్తి 20 కిలోల లాగుడు పడుతుంది. అందువల్ల నాలుగు మూలల నుండి నిటారుగా వేలాడే రాక్ మేలు. ఒకే కొక్కేనికి వేలాడేదే నచ్చితే, గొలుసులు పొడవుగా, దాదాపు నిటారుగా దిగేలా చూసుకోండి.

ఇక ఎత్తు. 165 సెంటీమీటర్ల మనిషి మడమలు ఎత్తకుండా సుమారు 190 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న కొక్కెం నుండి పాత్రను తీయగలరు. కానీ ఆ పెద్ద పెనం పిడితో కలిపి దాదాపు 50 సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది, అంటే దాని అడుగు సరిగ్గా ముఖం దగ్గరకు వస్తుంది. చేతికి అందాలంటే తలకు తగులుతుంది, తలకు తగలకూడదంటే చేతికి అందదు. ఈ చిక్కుకు పరిష్కారం రాక్‌లో లేదు, దాన్ని పెట్టే చోటులో ఉంది: నడిచే దారి మీద కాకుండా వంటగట్టు మీదో బల్ల మీదో వేలాడదీసి, పొడవైన పాత్రలను గోడ వైపుకు, పొట్టివాటిని మీ వైపుకు తగిలించాలి. సరిగ్గా పొయ్యి పైన మాత్రం వద్దు. నూనె ఆవిరి పాత్రలకు పట్టి, వాడే ముందు ప్రతిసారీ కడగవలసి వస్తుంది.

కొక్కేలను కొనేముందు మీ పెనం పిడికి ఉన్న రంధ్రంలో దూరుతాయో లేదో చూడండి. రెండు కొసలూ తెరిచి ఉన్న ఎస్ ఆకారపు కొక్కెం, పెనాన్ని పైకెత్తగానే దానితోపాటే ఊడి వచ్చి కింద ఉన్న గిన్నెలో పడుతుంది. పై కొస కడ్డీని చుట్టి మూసుకున్నది అలా ఊడదు. రెండు పక్కలా చెవులున్న పాత్రలు వేలాడదీయడానికి పనికిరావు. వాటి కోసం పైన జాలీ ఉన్న రాక్ చూడండి.

వచ్చే పాఠం బిగింపు గురించి. అప్పటికి మీ పైకప్పు కాంక్రీటు స్లాబా, చెక్క దూలాలా, లేక కింద జిప్సం పలకల ఫాల్స్ సీలింగ్ ఉందా అన్నది తెలుసుకుని ఉంచండి. ఆ పలకలు రాక్ బరువును మోయలేవు కాబట్టి, వాటి వెనుక ఉన్న గట్టి ఆధారం ఎక్కడుందో గుర్తించడంతోనే ఆ పాఠం మొదలవుతుంది.