మీ ఊరికి రైల్వే హాల్టు కావాలంటే: అర్జీ ఎవరికి, డబ్బెవరిది, పేరెవరు పెడతారు

ముందే చెప్పేస్తున్నా, కొత్త రైల్వే స్టేషన్ కోసం నింపే ఫారం అంటూ ఏదీ లేదు. మీసేవలో దొరకదు, రైల్ మదద్‌లో పెడితే అది ప్రయాణంలో వచ్చే ఫిర్యాదుల కోసం పెట్టింది కాబట్టి పని జరగదు. ఉన్నదల్లా తెల్లకాగితం మీద అర్జీ, దాని వెనక జతచేసే కాగితాలు. ఫైలు కదలడమో బీరువాలో పడి ఉండటమో ఆ జతచేసిన కాగితాల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

అడిగేది ఏంటో ముందు తేల్చుకోండి. లూప్ లైన్లు (ఒక బండి పక్కకి ఆగి ఇంకోదానికి దారివ్వడానికి వేసే పక్క పట్టాలు), సిగ్నళ్లు, స్టేషన్ మాస్టర్ ఉండే పూర్తి స్టేషన్ ఒక ఊరు అడిగితే వచ్చేది కాదు, బండ్లు నడపడానికి అవసరమైన చోట రైల్వే తనే కట్టుకుంటుంది. జనం అడిగితే వచ్చే అవకాశం ఉన్నది హాల్టు. ఒక ప్లాట్‌ఫాం, ఒక షెడ్డు, మంచినీళ్లు, లైట్లు, నాలుగు బెంచీలు, కమీషన్ మీద టికెట్లమ్మే ఏజెంటు, అంతే. అమృత్ భారత్ కింద మాకూ ఒకటి ఇవ్వండని కొందరు రాస్తుంటారు, అది ఉన్న స్టేషన్లని బాగుచేసే పథకం, కొత్తవాటికి కాదు.

అర్జీ డీఆర్ఎం, అంటే రైల్వే డివిజన్‌కి పెద్దగా ఉండే డివిజనల్ రైల్వే మేనేజర్ పేరు మీద రాయాలి, కాపీ ఆ డివిజన్ కమర్షియల్ మేనేజర్‌కి, సీనియర్ డీసీఎం అంటారు, ఎందుకంటే లెక్కలు చూసేది కమర్షియల్ విభాగమే. మీ ఊరి పక్కన పోయే లైను సికింద్రాబాద్ డివిజన్‌దా, గుంటూరుదా, గుంతకల్లుదా అన్నది జిల్లాని బట్టి ఊహించుకోకండి, పక్క స్టేషన్ మాస్టర్‌ని అడిగితే ఒక్క మాటలో చెప్తారు. గ్రామసభ తీర్మానం, అటూ ఇటూ ఉన్న స్టేషన్ల దూరాలు, ట్రాక్ పక్కన రాయి మీద ఉండే కిలోమీటరు నంబరు, హాల్టు పెట్టమంటున్న చోటికి రోడ్డు ఉందో లేదో, ఇవన్నీ జతచేయండి.

అసలు ముఖ్యమైనది జనం లెక్క. "మా గ్రామ ప్రజలు ఎన్నో ఏళ్లుగా తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు" అన్న వాక్యం ప్రతి అర్జీలోనూ ఉంటుంది, దాంతో ఎవరికీ ఏమీ తెలియదు. రోజూ ఎంతమంది, ఏ ఊరికి, ఏ టైముకి వెళ్తున్నారు, ఇప్పుడు బస్సులో వెళ్తున్నారా ఆటోలోనా, ఏ ప్యాసింజర్ ఆగితే వాళ్లకి పనికొస్తుంది, ఇది రాయండి. ఇక్కడో మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. మీ ఊరివాళ్లు ఇప్పటికే పక్క స్టేషన్‌కి వెళ్లి రైలెక్కుతుంటే, హాల్టు పెట్టినా రైల్వేకి కొత్తగా వచ్చే టికెట్ డబ్బు పెద్దగా ఉండదు, ఎక్కే చోటు మారుతుంది అంతే. అందుకే రోడ్డు మీద వెళ్తున్నవాళ్లు ఎంతమంది రైలుకి మారతారో చూపించగలిగితేనే మీ అర్జీకి బలం. తర్వాత ఎలాగూ సర్వేకి వస్తారు, లేని కాలేజీని రాసి ఇరుక్కోకండి.

ఆ సర్వే బాగా వచ్చినా ఆపరేటింగ్ విభాగం అడ్డు చెప్పొచ్చు. బండి ఆగి మళ్లీ స్పీడు అందుకోవడానికి పట్టే నిమిషాలు వెనకొచ్చే బండ్ల మీద పడతాయి, రద్దీగా ఉండే మెయిన్ లైన్లో ఇది నిజమైన సమస్యే, సాకు కాదు. ట్రాక్ బాగా వంపు తిరిగిన చోట, ఎత్తుపల్లం ఎక్కువున్న చోట ఇంజినీరింగ్ వాళ్లూ ఒప్పుకోరు. అర్జీలో ఒకే చోటు పట్టుకు కూర్చోకుండా ఇంకో చోటు కూడా సూచిస్తే మంచిది.

ఇక డబ్బు. రైల్వే తన ఖర్చుతో కడితే సాధారణంగా ప్రయాణికుల సౌకర్యాల పద్దు నుంచి పెడుతుంది, రైల్వే లెక్కల్లో అది ప్లాన్ హెడ్ 53. రాష్ట్ర ప్రభుత్వమో మరొకరో భరిస్తామంటే దాన్ని డిపాజిట్ వర్క్ అంటారు, డివిజన్ ఎస్టిమేట్ ఇస్తుంది, దాని మీద పర్యవేక్షణ చార్జీలు కలిపి ముందే కట్టాలి, పని రైల్వే చేస్తుంది. ఎంపీకి స్థానికాభివృద్ధి కింద ఏటా 5 కోట్లు ఉంటాయి కాబట్టి చాలామంది అక్కడికే వెళ్తారు, అయితే ఎంపీ చేసేది సిఫార్సు మాత్రమే, పథకం నిబంధనలకి సరిపోతుందో లేదో చూసి మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఊరే చందాలేసుకుని కట్టుకున్న సందర్భమూ ఉంది, హర్యానాలో గుర్గావ్ దగ్గర తాజ్‌నగర్ వాళ్లు దాదాపు 20 లక్షలు పోగేసి హాల్టు కట్టించుకున్నారు, 2010లో మొదలైంది. కానీ ఆమోదం కాగితం చేతికి రాకముందే చందాలు మొదలుపెట్టడం నాకైతే నచ్చదు, ఫైలు ఆగిపోతే ఆ డబ్బు ఊళ్లో తగాదాగా మిగులుతుంది. ఇంకో మాట, డబ్బు ఎవరిచ్చినా ఆస్తి రైల్వేదే, ఇచ్చినంత మాత్రాన పేరు పెట్టే హక్కు రాదు.

పేరు దగ్గరే ఊళ్లు విడిపోతాయి. కొత్త హాల్టుకి మామూలుగా అది ఉన్న రెవెన్యూ గ్రామం పేరే వస్తుంది, పేరు, దాని స్పెల్లింగ్ రాష్ట్ర ప్రభుత్వం చెప్పినట్టు పెడతారు. రెండు ఊళ్ల మధ్య పడితే ముందే కూర్చుని మాట్లాడుకుని, రెండు పంచాయతీల నుంచీ ఒకే పేరుతో తీర్మానాలు తీసుకోండి, ఇది అర్జీ కంటే ముందు జరగాలి. జార్ఖండ్‌లో లోహర్‌దగా దగ్గర ఒక స్టేషన్‌కి 2011లో బడ్కీచాంపీ అని పేరు పెట్టబోతే, భూమి ఇచ్చింది మేము, చెమటోడ్చింది మేము అని కమ్లే ఊరివాళ్లు అడ్డుపడ్డారు. టికెట్ మీద బడ్కీచాంపీ అనే ఉంటుంది, బోర్డు మాత్రం ఖాళీగా మిగిలింది. రామాపురం, కొత్తపల్లి లాంటి పేరైతే అదే పేరుతో ఇంకో స్టేషన్ ఉందేమో చూసుకుని ముందో వెనకో ఏదైనా చేర్చండి. చిన్న పేరైతే అందరికీ సుఖం, రేణిగుంట, అరక్కోణం మధ్య ఉన్న వెంకటనరసింహరాజువారిపేట బోర్డు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నాయకుడి పేరో దేవుడి పేరో పెట్టాలనుకుంటే దారి వేరు, ఉన్న పేరు మార్చాలన్నా ఇదే దారి. డీఆర్ఎంకి రాసి లాభం లేదు. రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదన పంపాలి, కేంద్ర హోంశాఖ రైల్వే, తపాలా శాఖ, సర్వే ఆఫ్ ఇండియా లాంటివాటిని అడిగి అభ్యంతరం లేదని చెప్పాలి, ఆ తర్వాతే బోర్డు మారుతుంది. హోంశాఖ 1953లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇందుకు ఆధారం: జనానికి అలవాటైన పేరుని గట్టి కారణం లేకుండా మార్చొద్దు, కేవలం గౌరవం చూపడానికి జాతీయ నాయకుల పేర్లు పెట్టొద్దు, దగ్గర్లో అదే పేరుతో ఇంకో ఊరు ఉండకూడదు. ఆచరణలో దీన్ని ఎంత పాటిస్తున్నారన్నది మీకూ తెలుసు, 2018లో మొగల్‌సరాయ్ దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయింది. చర్లపల్లి టెర్మినల్‌కి పొట్టి శ్రీరాములు పేరు పెట్టాలని 2025 మార్చిలో తెలంగాణ ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పినప్పుడు కూడా, కేంద్రానికి రాస్తామనే అన్నారు. ముఖ్యమంత్రికైనా దారి అదే. అందుకే హాల్టు అర్జీలో పేరు గొడవ కలపకండి, ముందు బండి ఆగనివ్వండి.

అర్జీ ఇచ్చాక రసీదు మీద డైరీ నంబరు వేయించుకోండి. డివిజన్ స్థాయిలో ప్రయాణికుల సలహా కమిటీ ఉంటుంది, డీఆర్‌యూసీసీ అంటారు, అందులో మీ ప్రాంతం సభ్యుడెవరో కనుక్కుని మీటింగులో అడిగించండి. జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో చెప్పాలి. "హాల్టు ఎప్పుడిస్తారు" అని అడగొద్దు, "ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన ఏ విభాగానికి వెళ్లింది, సర్వే రిపోర్టు కాపీ ఇవ్వండి" అని అడగండి. తిరస్కరించారంటే ఆ రిపోర్టులో తక్కువ పడిన లెక్క ఏదో కనిపిస్తుంది, పరిస్థితి మారాక దాని మీదే మళ్లీ అర్జీ పెట్టొచ్చు.

హాల్టు వచ్చినా ఏ బండ్లు ఆగుతాయన్నది వేరే ఉత్తర్వు. ఎక్స్‌ప్రెస్ ఆగితే మొదట ప్రయోగాత్మకంగా, మామూలుగా ఆరు నెలలకి ఇస్తారు, తర్వాత టికెట్ల అమ్మకం చూస్తారు. కరోనా తర్వాత అమ్మకాలు లేని హాల్టులు కొన్నింటిని మూసేశారు కూడా. కాబట్టి ఒక్క స్టేషన్ దూరమే కదా అని టికెట్ లేకుండా ఎక్కకండి, సీజన్ టికెట్లు కూడా పక్క టౌను నుంచి కాకుండా మీ హాల్టు పేరు మీదే తీసుకోండి.