మొబైల్ గేములకు, యాప్‌లకు, టెక్ బొమ్మలకు పనికొచ్చే రివ్యూ రాయడం ఎలా

ప్లే స్టోర్‌లో పేరున్న ఏ గేము పేజీ తెరిచినా కింద రివ్యూలు కుప్పలుగా కనిపిస్తాయి. వాటిలో చాలావాటిలో ‘సూపర్’, ‘వేస్ట్ యాప్’, ‘టైంపాస్‌కు ఓకే’ అన్న మాటలు తప్ప మరేమీ ఉండవు. ఆ గేమును దించుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్న వ్యక్తి తెలుసుకోవాలనుకునేది, తన ఫోను లాంటి ఫోనులో అది ఎలా నడుస్తుందో, పైసా ఖర్చు పెట్టకుండా ఎంత దూరం ఆడనిస్తుందో, ఎక్కడ విసిగిస్తుందో మాత్రమే. ఈ మూడు సంగతులూ చెప్పిన నాలుగు వాక్యాల రివ్యూ, ఇవేవీ చెప్పని నాలుగు పేజీల వ్యాసం కంటే ఎక్కువ మందికి ఉపయోగపడుతుంది. అలాంటి రివ్యూ రాయడానికి సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు. ఆడేటప్పుడు ఏం గమనించాలో తెలిస్తే చాలు.

ముందుగా మీ ఫోను మోడల్, ర్యామ్, ఆండ్రాయిడ్ వెర్షన్ ఒకచోట రాసి పెట్టుకోవాలి. గేము వెర్షన్ నంబరు కూడా అవసరమే. ఫోను సెట్టింగులలో యాప్‌ల జాబితాలోకి వెళ్లి ఆ గేము మీద నొక్కితే, చాలా ఫోన్లలో పేజీ అట్టడుగున అది కనిపిస్తుంది. స్టోరేజీ విషయంలో స్టోర్ పేజీలో చూపే సైజును నమ్ముకుని రాయకూడదు, ఎందుకంటే పెద్ద గేములు మొదట కొంత భాగమే దిగి, తెరిచాక మ్యాపులూ బొమ్మలూ అంటూ మిగతా డేటాను విడిగా దించుకుంటాయి. ఒకటి రెండు రోజులు ఆడిన తర్వాత సెట్టింగులలో అది ఎంత చోటు ఆక్రమించిందో చూసి ఆ అంకె రాయాలి. 64 జీబీ ఫోనులో పెళ్లి వీడియోలు, వాట్సాప్ ఫొటోలు సర్దుకుంటూ నెట్టుకొస్తున్నవారికి ఈ ఒక్క అంకె ఐదు స్టార్ల కంటే ముఖ్యం.

తర్వాతి ప్రశ్న ఎంతకాలం ఆడాక రాయాలన్నది. ఉచితంగా దొరికే గేము మొదటి రోజున కొత్త అల్లుడికి తొలి సంక్రాంతి మర్యాదలు చేసినట్టు చేస్తుంది. నాణేలు ఉచితం, వజ్రాలు ఉచితం, ప్రతి లెవెల్‌కూ చప్పట్లు. అసలు స్వభావం బయటపడేది ఆ మర్యాదలు తగ్గాకే. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగానే తీసుకుందాం. అందులో ఐదు ప్రాణాలుంటాయి. ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది, పోయిన ప్రాణం తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఐదూ పోగొట్టుకున్నవారు మళ్లీ ఐదూ నిండేదాకా ఆగాలంటే రెండున్నర గంటలు ఎదురు చూడాలి, లేదా స్నేహితులను అడగాలి, లేదా డబ్బు చెల్లించాలి. తొలి లెవెల్స్ తేలికగా ఉండటం వల్ల మొదటి సాయంత్రం ఈ నిరీక్షణ ఎవరి అనుభవంలోకీ రాకపోవచ్చు. అందుకే గేము మిమ్మల్ని మొదటిసారి గట్టిగా ఆపిన చోటు దాటేవరకూ రివ్యూ రాయకుండా ఉండటం మంచిది. ఏ లెవెల్ దగ్గర ఆపింది, అప్పుడు తెర మీద ఏం కనిపించింది, ఏమీ కొనకుండా దాటగలిగారా అన్నవి రాస్తే చాలు.

డబ్బు చెల్లించి కొనుక్కునే గేములకు వేరే కొలత ఉండాలి. 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ అనే చిక్కుముడుల గేములో పది అధ్యాయాలే ఉంటాయి, రెండు పూటల్లో అయిపోతుంది. చిన్నదన్న కారణంగా దానికి స్టార్లు తగ్గించడం న్యాయం కాదని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో ప్రకటన లేదు, ఎదురుచూపు లేదు, ఒక చిక్కుముడిలా మరొకటి ఉండదు. అయితే ఎంతసేపట్లో పూర్తవుతుందో చెప్పడం రివ్యూ రాసేవారి బాధ్యత. ఆ ధరకు అది తగునో కాదో చదివేవారు తేల్చుకుంటారు. చిక్కుముడి ఎలా విడుతుందో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చెప్పకూడదు.

ఇక ప్రకటనల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ‘యాడ్స్ ఎక్కువ’ అన్న ఫిర్యాదు ఎంత సాధారణమో అంత అస్పష్టం. ప్రకటనలు ప్రధానంగా మూడు రకాలు. తెర అడుగున పట్టీలాగా నిలిచి ఉండేవి ఒక రకం. ఇవి పెద్దగా బాధించవు, అయితే ఆట బటన్ల పక్కనే పెడితే వేలు తగిలి బ్రౌజర్ తెరుచుకుంటుంది. లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య తెరంతా కమ్మేసేవి రెండో రకం. అదనపు ప్రాణం కోసమో నాణేల కోసమో మనమే ఒప్పుకుని చూసేవి మూడో రకం. మూడో రకాన్ని తప్పు పట్టాల్సిన పని లేదు, అవి చూడకపోయినా ఆట ముందుకు సాగుతున్నంత వరకు. రెండో రకాన్ని మాత్రం పది నిమిషాలు పక్కన గడియారం పెట్టుకుని పరిశీలించాలి. ఎన్నిసార్లు వచ్చింది, మూసే గుర్తు ఎన్ని సెకన్ల తర్వాత కనిపించింది, ఆ గుర్తు వేలికి అందేంత ఉందా లేక ఆవగింజంత ఉండి నొక్కబోతే స్టోర్ పేజీకి తీసుకుపోతోందా అని చూడాలి. తర్వాత ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మళ్లీ ఆడాలి. నెట్ లేకుండా గేము తెరుచుకుంటే ఆ మాట తప్పకుండా రాయాలి. పల్లె వెలుగు బస్సులో సిగ్నల్ లేని దారిలో వెళ్లేవారికి అది ఎంతో ఉపయోగపడే సమాచారం. ‘ప్రకటనలు తొలగించండి’ అని డబ్బు అడుగుతుంటే, చెల్లించినవారికి ఏ రకం ప్రకటనలు పోతాయో ఆ పేజీలో స్పష్టంగా చెప్పారా లేదా అన్నది కూడా గమనించాలి.

లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు ఉన్న గేముల గురించి రాసేటప్పుడు ఆ సంగతిని మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఇలాంటి కొన్నింటిని బెల్జియం 2018లోనే జూదం కింద జమకట్టింది. మన దేశంలో డబ్బు పందెం మీద ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని ఆమోదించింది కాబట్టి, అలాంటి యాప్ ఎవరైనా లింకు ద్వారా పంపితే దానికి రివ్యూ రాయడం కాదు, దాన్ని తీసేయడమే చేయవలసిన పని.

ఫోను వేడెక్కడం, ఛార్జింగ్ కరిగిపోవడం గురించి రాసేటప్పుడు వాతావరణాన్ని మరచిపోకూడదు. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో ఫ్యాను కింద కూర్చుని ఆడితే ఏ గేమైనా ఫోనును కాల్చినట్టే అనిపిస్తుంది. వేడి ఎక్కువైనప్పుడు ఫోను తనను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్నీ తెర వెలుతురునూ తగ్గించుకుంటుంది, దాంతో గేము తడబడుతుంది. ఉదయం పూట, ఛార్జర్ తీసేసి, తెర వెలుతురు సగంలో పెట్టి అరగంట ఆడి, మొదట్లో ఎంత శాతం ఉంది, చివరికి ఎంత మిగిలింది అని రాస్తే ఇతరులు తమ ఫోనుతో పోల్చుకోగలుగుతారు.

తెలుగులో పనిచేస్తామని చెప్పుకునే యాప్‌లకు అదనంగా ఒక పరీక్ష ఉంది, దీన్ని తెలుగువాళ్లు తప్ప మరొకరు చేయలేరు. మన లిపిలో అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు సరిపడా కొలిచి చేసిన బటన్‌లో ‘రాష్ట్రం’ అని రాస్తే అడుగున ఉన్న ఒత్తులు తెగిపోయి ‘రాషం’ లాంటిదేదో మిగులుతుంది. అందువల్ల యాప్ భాషను తెలుగుకు మార్చి, పేరు రాయమన్న చోట ‘లక్ష్మి’ అనీ, ఊరు రాయమన్న చోట ‘శ్రీకాకుళం’ అనీ రాసి చూడాలి. ఒత్తులు పూర్తిగా కనిపిస్తున్నాయా, వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయా, పొడుగు మాట బటన్ దాటిపోతోందా, తెలుగులో వెతికితే ఫలితాలు వస్తున్నాయా అని చూడాలి. ఫోనులో అక్షరాల సైజును పెద్దది చేసి మరోసారి చూడటం ఇంకా మంచిది, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు వాడేది అలాగే. మెనూ ఒక్కటే తెలుగులో పెట్టి, డబ్బు చెల్లించే పేజీని, షరతులను ఇంగ్లిష్‌లోనే వదిలేస్తే దాన్ని తెలుగు యాప్ అని ఒప్పుకోనక్కరలేదు.

అనుమతుల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పని చేయడానికి అవసరం లేనిది ఏదైనా అడుగుతోందా, కాదంటే తెరుచుకోవడం మానేస్తోందా అన్నవే చూడాలి. టార్చిలైటు యాప్‌కు మన కాంటాక్టులతో పని లేదు. ప్లే స్టోర్‌లో 2022 నుంచి కనిపిస్తున్న డేటా భద్రత విభాగం తయారీదారు స్వయంగా ఇచ్చుకునే ప్రకటన కాబట్టి, దాన్ని చదివి అది నిజమేనని మీ రివ్యూలో హామీ ఇవ్వకూడదు.

పిల్లల కోసం కొనే రోబోలు, మాట్లాడే బొమ్మలు వంటివాటికి రివ్యూ రాసేటప్పుడు అన్నింటికంటే ముందు చూడవలసింది, ఆ బొమ్మ తన బుర్రను ఎక్కడ పెట్టుకుందన్నది. అంకీ అనే అమెరికా కంపెనీ 2016లో తెచ్చిన కోజ్మో అనే చిన్న రోబో ఫోనులోని యాప్ లేకుండా ఆడదు. 2019లో ఆ కంపెనీ మూతపడింది, దాని ఆస్తులను తర్వాత మరొక సంస్థ కొనుక్కుంది. పిల్లలతో కబుర్లు చెప్పే మాక్సీ అనే రోబో సర్వర్ల మీద ఆధారపడి నడిచేది. 2024 చివర్లో తయారీ సంస్థ మూసేస్తున్నామని ప్రకటించేసరికి ఎంతో ఖరీదు పెట్టి కొన్నవారు తలలు పట్టుకున్నారు. కాబట్టి వైఫై ఆపి, ఫోను పక్కన పెట్టి, బొమ్మ ఏం చేయగలదో చూసి రాయాలి. మైక్ ఉన్న బొమ్మయితే అది ఎప్పుడు వింటోందో తెలిసేలా దీపమైనా ఉందా, మైక్‌ను ఆపే మీట ఉందా అన్నవి చెప్పాలి. మై ఫ్రెండ్ కైలా అనే మాట్లాడే బొమ్మను రహస్యంగా వినే పరికరంగా పరిగణించి జర్మనీ 2017లో నిషేధించింది. ఛార్జింగ్ కేబుల్ మామూలుగా దొరికే రకమేనా, బ్యాటరీ మార్చుకోవచ్చా, ఐదేళ్ల పిల్ల తెలుగు యాసలో పలికిన ఇంగ్లిష్ మాట దానికి అర్థమవుతోందా అన్నవి పెట్టె మీద ఎవరూ ముద్రించరు. బొమ్మను పిల్లల చేతికిచ్చి పక్కన కూర్చుంటే అరగంటలో తెలిసిపోతాయి.

రాయడానికి వచ్చేసరికి, ప్లే స్టోర్‌లో ఒక రివ్యూకు 500 అక్షరాలకు మించి చోటు ఉండదు కాబట్టి పొగడ్తలకూ తిట్లకూ తావు లేదు. ఒక పదవినోదం గేము గురించి ‘ఆట బాగుంది కానీ యాడ్స్ ఎక్కువ’ అని రాయాలనుకున్నవారు దాన్ని ఇలా మార్చవచ్చు: ‘4 జీబీ ర్యామ్ ఫోనులో వారం ఆడాను. మొదటి 20 లెవెల్స్‌లో ప్రకటన రాలేదు. ఆ తర్వాత ప్రతి లెవెల్ చివరా ఒకటి వస్తోంది. నెట్ లేకున్నా ఆట నడుస్తుంది. పదాలు బాగున్నాయి, కానీ పెద్ద అక్షరాలు పెట్టుకుంటే ఒత్తులు తెగిపోతున్నాయి.’ స్టార్లు ఎన్ని ఇచ్చినా ఈ వివరాలు చదివినవారు తమ నిర్ణయం తాము తీసుకుంటారు, తయారుచేసినవారికి ఏది సరిదిద్దాలో తెలుస్తుంది.

ఏ విషయానికి స్టార్లు తగ్గిస్తున్నారో కూడా చూసుకోవాలి. కొరియర్ ఆలస్యమైతే బొమ్మకు, ఊళ్లో నెట్ లేకపోతే గేముకు శిక్ష వేయడం సరికాదు. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ మీద కోపంతో మనవాళ్లు పేరు పోలిన స్నాప్‌డీల్ యాప్‌కు ఒక్క స్టారు రేటింగులు కుమ్మరించారు. ఫ్రీగా వచ్చిన వస్తువు గురించి రాస్తుంటే ఆ మాట పైనే చెప్పాలి. ఇన్‌ఫ్లుయెన్సర్లు కంపెనీతో తమకున్న డబ్బు లేదా కానుకల సంబంధాన్ని వెల్లడించాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్నే రూపొందించింది.

పోస్టు చేసిన తర్వాత నోటిఫికేషన్లు ఆపేయకండి. తయారీదారు కింద జవాబు రాసి, ఫలానా లోపం సరిదిద్దామని చెబితే, అప్‌డేట్ చేసుకుని అదే లెవెల్, అదే బటన్ మళ్లీ పరీక్షించి, పాత రివ్యూనే తెరిచి మార్చాలి. 2019 నుంచి ప్లే స్టోర్ సగటు రేటింగును లెక్కించేటప్పుడు ఇటీవలి రేటింగులకు ఎక్కువ విలువ ఇస్తోంది. మార్చేటప్పుడు కొత్త వెర్షన్ నంబరు వేసి, పాత ఫిర్యాదులో ఏది తీరింది, ఏది తీరలేదు అన్నది ఒక వాక్యంలో చేర్చండి.