పాత గుడి కప్పు కారుతుంటే డంగు సున్నంతో గచ్చు వేసే పద్ధతి

మన కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో విజయనగర కాలపు గుళ్ల కట్టుబడి చాలావరకు ఒకటే. స్తంభం, దాని మీద బోదె (దూలాన్ని మోసే తలరాయి), బోదె మీద దూలం, ఆపైన కప్పు బండలు. బండల సందుల్లోంచి వాన దిగకుండా కాపాడేది పైనున్న గచ్చు, అంటే డంగు సున్నంతో (ఇటుక పొడి కలిపి గానుగ పట్టిన సున్నంతో) వేసిన గట్టి పొర.

ఒంటిమిట్ట కోదండరామాలయం, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం లాంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, వాటిని ముట్టుకోకూడదు. మిగతావాటికి ముందు దేవాదాయ శాఖ అనుమతి తీసుకోండి.

దయచేసి సిమెంటు వేయొద్దు. పగటి ఎండకు బండ సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. సిమెంటు దానితోపాటు కదల్లేక వెంట్రుకవాసి బీటలు ఇస్తుంది. అందులో దిగిన నీరు ఆరే దారి లేక, ఉప్పును మోసుకుని కింది వైపు తేలుతుంది. కప్పు కింద తెల్లటి పూత కనిపించిందంటే ఇదే. కొన్నేళ్లలో కప్పు కింద చెక్కిన పద్మం రేకులు పొరలు పొరలుగా రాలతాయి. సిమెంటు మీద మళ్లీ కడప బండలు పరిస్తే బరువుకు దూలమే చిట్లవచ్చు.

ముందు కప్పు మీది నీళ్లు బయటకు పోయే తూములు చూడండి. వేపాకు, పావురాల రెట్ట అడ్డుపడి నీళ్లు నిలవడమే చాలాచోట్ల అసలు జబ్బు. రావి మొక్కను పీకొద్దు, వేరుతోపాటు బండ కదులుతుంది. మొదలంటా కోసి వేరును చంపాలి. పాత పొరను ఉలి, సుత్తితోనే తీయాలి. మిషను అదురుకు బండలు పగులుతాయి.

బట్టీలో కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేయాలి గానీ రాయి మీద నీళ్లు పోయకూడదు. సలసల కాగి కళ్లలో చిందుతుంది. కనీసం రెండు వారాలు నానాక ఒక పాలు సున్నం, రెండు పాళ్లు ఇటుక పొడి కలిపి గానుగ పట్టించండి. ఈ డంగు ఒక పాలుకు, తడిపిన అంగుళం ఇటుక ముక్కలు రెండున్నర పాళ్లు. బండల సందులు ముందు డంగుతో నింపి, పైన ఈ ఇటుక ముక్కలు కలిపిన డంగును 10 సెంటీమీటర్ల మందాన పరవాలి. తూము వైపు మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు.

అసలు పని ఆ తర్వాతే. వారం రోజులు కొయ్య చెక్కలతో కొట్టాలి. 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల బెల్లం, కిలోన్నర ఉడికించిన మారేడు గుజ్జు కలిపి, కొడుతూ చిలకరిస్తుండాలి. శివాలయాల్లో మారేడు చెట్టు ఉండనే ఉంటుంది. చెక్క గుర్తు పడకుండా ఎగిరి వెనక్కి వస్తే గచ్చు బిగిసినట్టు. రెండో రోజుకే ఆపేస్తే లోపల బొరియలు మిగిలి తొలి వానకే కారుతుంది. గోడ కలిసే మూలను గుండ్రంగా తిప్పి, తడి గోనెలు కప్పి పది రోజులు ఆరనివ్వకండి.

కార్తీకం వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రి లోపల ముగించండి. ఎండాకాలంలో గచ్చు బిగియకముందే ఆరి పొడిపొడిగా రాలుతుంది. తొలి వానకు లోపల టార్చితో తిరిగి, తడి కనిపించిన బండకు సుద్దముక్కతో గుర్తు పెట్టండి. నీరు దిగేచోటు, కారేచోటు ఒకటి కాకపోవచ్చు, పైన వాలుకు ఎగువన వెతకాలి.