షూటింగ్ రేంజ్‌లో ప్రమాదం జరగకుండా తుపాకీని వాడడం ఎలా?

పిల్లలను ఎయిర్ రైఫిల్ శిక్షణలో చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న, "ఇది నిజం తుపాకీ కాదు కదండీ?" అని. గాలి ఒత్తిడితో పనిచేసేది కాబట్టి ఆటబొమ్మ కంటే ఒక మెట్టు పైన ఉంటుందేమోనని వారి ఊహ. పోటీలలో వాడే ఎయిర్ రైఫిల్ నుంచి 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయటకు వస్తుంది. పది మీటర్ల దూరాన ఉన్న కాగితాన్ని శుభ్రంగా చిల్లుపొడిచే ఆ పెల్లెట్, పక్కన నిలబడ్డ మనిషి కంటిని ఏం చేయగలదో వేరే చెప్పనక్కరలేదు. ఇక 50 మీటర్ల రైఫిల్ పోటీలలో వాడే .22 తూటాల పెట్టె మీదనైతే, ఇది ఒకటిన్నర మైలు, అంటే రెండు కిలోమీటర్లకు పైగా పోగలదన్న హెచ్చరికను తయారీదారులే ముద్రిస్తారు.

ప్రతి రేంజ్ గోడ మీదా పది పన్నెండు నియమాల బోర్డు ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఆ నియమాలలో తప్పేమీ లేదు గాని, అన్నీ ఒకే సైజు అక్షరాలలో ఉండడం వల్ల అన్నీ సమానమేనని కొత్తవారు అనుకుంటారు. నా లెక్కలో వాటిలో ఒకటి మాత్రమే తక్కినవాటన్నిటికీ కాపలా కాస్తుంది: తుపాకీ గొట్టం ఎల్లప్పుడూ టార్గెట్ల వైపే ఉండాలి. ట్రిగ్గర్ మీద పొరపాటున వేలు పడినా, ఖాళీ అనుకున్న చాంబర్‌లో, అంటే పేలే ముందు తూటా కూర్చునే అరలో, తూటా మిగిలిపోయినా, లోపలి భాగమేదైనా అరిగిపోయి పట్టు తప్పినా, గొట్టం టార్గెట్ల వైపు ఉన్నంతసేపు ఆ తూటా వెళ్లి టార్గెట్ల వెనక ఉన్న మట్టికట్టలోనే దిగబడుతుంది. అందుకే కింద చెప్పబోయే ప్రతి పనిలోనూ, అది చేస్తున్నప్పుడు గొట్టం ఎటు చూస్తుందన్నదే ముందుగా గమనించండి.

ఇంటి నుంచి బయలుదేరే ముందు

మెడ దగ్గర బిగుతుగా ఉండే చొక్కా, పాదాలను పూర్తిగా కప్పే బూట్లు, ముందు అంచు ఉన్న టోపీ వేసుకోండి. చున్నీ వేసుకునేవారు దానిని తీసి పక్కన పెట్టడమో, నడుముకు గట్టిగా కట్టుకోవడమో చేయాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నిబంధన కాదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పేలిన ప్రతిసారీ వేడెక్కిన ఖాళీ తూటా తొడుగును పక్కకు విసురుతుంది. పక్క లేన్ నుంచి ఎగిరి వచ్చిన అలాంటి తొడుగు ఒకటి ఒక కుర్రవాడి కాలర్‌లో పడగా, వాడు తేలు కుట్టినట్టు ఎగిరి, పిస్టల్ చేతిలో ఉండగానే మా వైపు తిరిగిపోవడం నేను ఒక రేంజ్‌లో కళ్లారా చూశాను. తొడుగు కాల్చితే చర్మం మీద చిన్న బొబ్బ లేస్తుంది, అంతే. ఆ మంటకు ఒళ్లు చేసే గంతుతోనే అసలు భయం. మెడలో పడితే పడనిచ్చి, ముందు పిస్టల్‌ను టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టి, ఆ తరువాతే చొక్కా దులుపుకోవాలని మొదటి రోజే మనసుకు చెప్పి ఉంచుకోవాలి.

కళ్లకు పగలని రక్షణ అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. .22 రైఫిల్ మోత కూడా దాదాపు 140 డెసిబెల్స్ ఉంటుంది. వినికిడి ఒకసారి పోయిందంటే మందులతో తిరిగి రాదు. నాలుగు గోడల మధ్య కాల్చే రేంజ్ అయితే చెవిలో ఫోమ్ ప్లగ్గులు పెట్టుకుని, వాటి మీద ఇయర్ మఫ్స్ కూడా వేసుకోవడం మంచిది. ఫోమ్ ప్లగ్గును వేళ్లతో సన్నని వత్తిలా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బి నిండేవరకు వేలితో అదిమి పట్టాలి. ఊరికే చెవి మీద ఆనించుకున్నవారికి అది దూదిపింజ కంటే ఎక్కువగా పనిచేయదు. మద్యం తాగినవారు, నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్రలు వేసుకున్నవారు ఆ రోజుకు రేంజ్ మానుకోవాలి.

పెట్టె తెరవడంలోనే మొదటి పరీక్ష

తుపాకీని ఫైరింగ్ పాయింట్, అంటే షూటర్ నిలబడి కాల్చే చోటు, దగ్గరకు పెట్టెలో ఉంచే తీసుకువెళ్లి, అక్కడి బల్ల మీదనే పెట్టె తెరవాలి. తెరిచాక గొట్టం మీ వైపో, పక్కవారి వైపో చూస్తోందనుకోండి. కొత్తవారు వెంటనే తుపాకీని ఎత్తి ఇటు నుంచి అటు తిప్పుతారు. ఆ తిప్పడంలో గొట్టం వరుసలో ఉన్న నలుగురి మీదుగా పోతుంది. పెట్టెను మూసి, పెట్టెనే తిప్పి, మళ్లీ తెరవాలి.

చాంబర్‌లో ముదురు నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ కనబడుతూ ఉండాలి. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ విషయంలో అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం ఈ ఫ్లాగ్ గొట్టం పొడవునా దూరేంత ఉండాలి. రంగు దారం లాంటి ఆ తీగ రెండు వైపులా బయటకు కనిపిస్తే, మధ్యలో పెల్లెట్ ఇరుక్కుని లేదని ఎవరినీ అడగకుండానే దూరం నుంచే తెలిసిపోతుంది. ఎవరైనా ఫైరింగ్ లైన్ దాటి ముందుకు వెళ్లి ఉంటే, వారు తిరిగి వచ్చేవరకు ఎవరూ తుపాకీని ముట్టుకోరాదు, గురి కూడా చూసుకోరాదు. కాగితపు టార్గెట్లను చేత్తో మార్చుకునే రేంజ్‌లలో ఈ మాటను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఆజ్ఞలు, వేలు, వెనక నుంచి పిలుపు

"లోడ్" అనకముందు తూటా లోపలికి పోకూడదు, "స్టార్ట్" అనకముందు పేలకూడదు. "స్టాప్" అన్న మాట వినబడగానే, గురి ఎంత బాగా కుదిరి ఉన్నా, సగం నొక్కిన ట్రిగ్గర్‌నైనా వదిలేయాలి. లోడ్, స్టార్ట్ చెప్పే అధికారం అక్కడి కాల్పులను పర్యవేక్షించే రేంజ్ ఆఫీసర్‌కు మాత్రమే ఉంటుంది. ప్రమాదం కనిపించినప్పుడు "స్టాప్" అని అరిచే హక్కు మాత్రం అక్కడున్న ప్రతి ఒక్కరికీ, మొదటి రోజు వచ్చిన పిల్లవాడికి కూడా ఉంటుంది.

గురి కుదిరేవరకు చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట, తుపాకీ పక్కభాగానికి ఆనించి చాచి ఉండాలి. పోటీ తుపాకుల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కదలాలంటే దాని మీద కనీసం 500 గ్రాముల బరువు పడాలన్న నియమం ఉంది, 25 మీటర్ల పిస్టల్‌కు అది 1000 గ్రాములు. ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస పరిమితే లేదు కనుక చాలామంది షూటర్లు దానిని వంద గ్రాముల లోపే పెట్టుకుంటారు. అంటే వేలు నొక్కాల్సిన పని కూడా లేదు, తగిలితే చాలు.

పిస్టల్ రైఫిల్ కంటే చిన్నది కాబట్టి సురక్షితమనుకోవడం పొరపాటు. పొడవైన రైఫిల్‌ను పక్కకు తిప్పాలంటే ఒళ్లంతా తిరగాలి. పిస్టల్‌కు మణికట్టు చాలు. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే "ఆఁ, అన్నా" అంటూ తల తిప్పుతాం, తలతో భుజం, భుజంతో చెయ్యి, చేతితో గొట్టం తిరిగివస్తాయి. షూటర్ ఎవరికి జవాబు చెప్పాలన్నా ముందు పిస్టల్‌ను బల్ల మీద దించాలి. అంతకంటే ముందు, ఫైరింగ్ పాయింట్‌లో నిలబడ్డవారిని వెనక నుంచి పిలవకుండా ఉండడం సందర్శకులు నేర్చుకోవలసిన పాఠం.

చెయ్యి జారి తుపాకీ పడిపోతుంటే పట్టుకోబోకండి. గాలిలో తుపాకీని అందుకునే తొందరలో వేళ్లు నేరుగా ట్రిగ్గర్ మీదకే పోతాయి. పడనిచ్చి, రేంజ్ ఆఫీసర్‌ను పిలవడమే క్షేమం.

మొదటిసారి ఒకే తూటా

మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చి తుపాకీకి తగిలించే డబ్బాలో, ఐదు తూటాలకు చోటున్నా, మొదటిసారి కాల్చేవారికి ఒక్కటే ఇవ్వాలి. పేలుడుకు బెదిరి చేయి పైకి లేచినా, వెనక్కి తిరిగినా అప్పటికి ఆ తుపాకీ ఖాళీ అయిపోయి ఉంటుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని అరిజోనాలో ఒక రేంజ్‌లో తొమ్మిదేళ్ల పాపకు ఊజీ అనే చిన్న మెషిన్ గన్‌ను ఆటోమేటిక్ అమరికలో ఇచ్చినప్పుడు, వరుసగా పేలుతున్న ఆ తుపాకీ ఆమె చేతుల్లో అదుపు తప్పి పక్కకు లేవడంతో, నేర్పుతున్న శిక్షకుడే ప్రాణాలు కోల్పోయాడు.

అమెరికాలో ఉన్న తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు వారాంతంలో సరదాగా రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకులు కాల్చడం మామూలైపోయింది కాబట్టి ఇంకొక్క మాట. వలసేతర వీసా (చదువుకో, తాత్కాలిక ఉద్యోగానికో ఇచ్చే వీసా) మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం జారీ చేసిన వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్నేహితుడు వెళ్లాడన్న భరోసాతో పోకుండా ముందే విచారించుకోవాలి.

పేలకపోతే, సరిగా పేలకపోతే

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టంలోకి తొంగి చూడాలన్న కోరిక సహజంగానే పుడుతుంది. దానిని అణుచుకోవాలి. తూటాలోని మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉన్నందువల్ల, తుపాకీని కదలకుండా టార్గెట్ వైపే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాత చేయి ఎత్తి రేంజ్ ఆఫీసర్‌ను పిలవాలి.

అంతకంటే మోసకారి మరొకటి ఉంది. "ఠాప్" అనవలసిన చోట "టుప్" అని వినబడి, వెనక్కి తన్నే ఊపు కూడా తక్కువగా ఉంటే, మందు చాలక తూటా గొట్టం మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు. ఏమీ కానట్టు ఇంకొకటి కాలిస్తే ఆ రెండూ లోపలే ఢీకొని గొట్టం పగలవచ్చు. శబ్దం తేడాగా వచ్చిందా, అక్కడితో ఆపండి. గొట్టాన్ని పరీక్షించి చూసేవరకు మళ్లీ లోడ్ చేయవద్దు.

ఖాళీ చేసే వరుస తప్పితే

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తరువాత స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగాన్ని, వెనక్కి లాగాలి. వరుస మారితే ఏమవుతుందో చూడండి: స్లైడ్ లాగగానే చాంబర్‌లోని తూటా బయట పడుతుంది, వదలగానే మ్యాగజైన్‌లోని తరువాతి తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది, అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. చేతిలో మ్యాగజైన్, కింద పడిన తూటా రెండూ కనబడుతున్నాయి కాబట్టి పిస్టల్ ఖాళీ అని మనసు ఒప్పేసుకుంటుంది, చాంబర్‌లో మాత్రం ఒకటి సిద్ధంగా ఉంటుంది. "ఖాళీ తుపాకీ పేలింది" అని వినే కథల వెనక తరచుగా ఉండేది ఈ వరుస తప్పే. స్లైడ్ తెరిచి ఉంచి, కంటితో చూసి, చిటికెన వేలితో చాంబర్‌ను తడిమి, ఫ్లాగ్ పెట్టి, రేంజ్ ఆఫీసర్‌కు చూపించాకే పెట్టెలో పెట్టాలి. పక్కవారు "ఖాళీయే" అని అందించినా మళ్లీ మీరే చూడాలి; అలా చూడడం ఆయనను నమ్మకపోవడం కాదు, ఆయన కూడా మీ నుంచి అదే ఆశిస్తారు.

ఎయిర్ తుపాకుల సిలిండర్ గురించి కూడా చెప్పాలి. దానిలో గాలి సుమారు 200 బార్ ఒత్తిడితో ఉంటుంది, కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త పైన. గాలి నింపుతుండగా సిలిండర్ పేలి బొటనవేలు పోగొట్టుకున్న షూటర్ ఉదంతం మన దేశంలోనే ఉంది. సిలిండర్ మీద చెక్కిన తేదీ చదివి, గడువు దాటినదాన్ని ఎంత బాగా కనబడినా పక్కన పడేయాలి. నింపేటప్పుడు వాల్వ్‌ను నెమ్మదిగా తిప్పుతూ, ముఖం పక్కకు పెట్టుకోవాలి.

ఇంటికి వెళ్లే ముందు

పెల్లెట్లూ తూటాలూ సీసంతో చేసినవి కాబట్టి, చేతులకు అంటిన ఆ విషం నోట్లోకి పోకుండా, రేంజ్‌లో బిస్కెట్లు, సమోసాలు తినకూడదు. బయటకు రాగానే సబ్బుతో, చల్లని నీళ్లతో చేతులు, ముఖం కడుక్కోవాలి. ఆ రోజు వేసుకున్న చొక్కాను ఇంట్లో పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. ఇంట్లో డ్రై ఫైరింగ్, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, చేసేవారు తూటాల పెట్టెను ముందుగా వేరే గదిలో పెట్టి, చాంబర్‌ను మళ్లీ చూసుకుని, అవతల మనుషులు తిరగని గోడను ఎంచుకోవాలి. సాధన ముగిశాక తుపాకీని ఒక బీరువాలో, తూటాలను మరొక దానిలో పెట్టి తాళాలు వేయాలి.