చేగోడీల పిండితో పిల్లలకు పని

చేగోడీలు చేసే రోజు పిల్లల్ని వంటింట్లోంచి తరమక్కర్లేదు. గ్లాసు నీళ్లలో ఉప్పు, జీలకర్ర, నానబెట్టి నీళ్లు పూర్తిగా వంపేసిన గుప్పెడు పెసరపప్పు, రెండు చెంచాల నెయ్యి వేసి మరిగాక పొయ్యి ఆపి, గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి మూత పెట్టండి. కారం ఇప్పుడే వద్దు. గోరువెచ్చగా అయ్యాక మెత్తగా మర్దించి, పిల్లల ముద్ద విడిగా తీసేసి, మిగతా పిండిలో కారం కలుపుకోండి. ముందే కారం వేస్తే ఆ చేతులతోనే కళ్లు నులుముకుంటారు, ఇక ఏడుపులే!

పీట మీద పాములా పొడుగ్గా చేసి, రెండు కొసలూ కలిపి నొక్కడం నాలుగేళ్లవాళ్లకీ వస్తుంది. పగుళ్లు వస్తే చెయ్యి తడి చేసుకుంటే చాలు. మిగతా పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచండి.

వాళ్లు చేసినవి ఒకటి లావు, ఒకటి సన్నం. అందుకే విడి వాయిగా, సన్నని సెగ మీద, నూనెలో బుడగలు తగ్గేదాకా వేయించండి. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వకండి. లావువి లోపల మెత్తగానే ఉంటాయి, డబ్బాలో వేస్తే మిగతావీ మెత్తబడతాయి. వాటిని ఆ సాయంత్రమే తినేయండి. ఎలాగూ ‘నేను చేసింది’ అంటూ ఇల్లంతా పంచేస్తారు.