ఇంగ్లీష్‌లో ఐ, మీ, మై, మైన్ (I, me, my, mine): ఎక్కడ ఏది వాడాలి?
పని చేసేది మనమైతే ఐ, పని మన మీద పడితే మీ, ఇంతవరకు అందరికీ వచ్చు గానీ పక్కన ఇంకో పేరు రాగానే తడబడతాం. షీ కాల్డ్ రవి అండ్ ఐ అనాలా, మీ అనాలా? రవిని తీసేసి చదవండి, షీ కాల్డ్ ఐ అని ఎవరూ అనరు, సో మీ. ఫర్, విత్, బిట్వీన్ తర్వాత కూడా మీ, హిమ్, దెమ్ లాంటివే వస్తాయి, బిట్వీన్ యు అండ్ ఐ అని స్టైల్‌గా అనేవాళ్లని పట్టించుకోకండి.

మన తెలుగోళ్లకి అసలు చిక్కు ఇక్కడ: నాకు తెలుసు అన్నామని మీ పెట్టేయకూడదు, ఐ నో అనే అనాలి.

మై తర్వాత వస్తువు పేరు ఉండాలి, మైన్‌కి అక్కర్లేదు: దిస్ ఈజ్ మై పెన్, దిస్ పెన్ ఈజ్ మైన్. హర్, హర్స్ కూడా అంతే, హిజ్ మాత్రం రెండు చోట్లా మారదు. ఇక కుక్క తోక గురించి ఇట్స్ టెయిల్ (దాని తోక) అని రాసేటప్పుడు ఇట్స్‌లో అపాస్ట్రఫీ (ఎస్ ముందు పైన పెట్టే కామా లాంటి గుర్తు) పెట్టొద్దు, పెడితే అది ఇట్ ఈజ్ అయిపోద్ది.