సెర్చ్ యాడ్స్‌లో డబ్బు వృథా కాకుండా వ్యాపారాన్ని ప్రచారం చేసుకోవడం ఎలా?

కుట్టుమిషన్ పాడైన మనిషి ఫోన్ తీసి "కుట్టుమిషన్ రిపేరు ఇంటికొచ్చి చేసేవాళ్లు" అని టైపు చేశాడంటే, అతనికి ఆ పని ఇప్పుడే కావాలి. టీవీలో వచ్చే ప్రకటన మనం వేరేదేదో చూస్తుంటే అడ్డొస్తుంది. సెర్చ్‌లో వచ్చే ప్రకటన మనం అడిగాక వస్తుంది. సెర్చ్ ఇంజిన్ మార్కెటింగ్ బలమంతా అక్కడే ఉంది. అయితే "కుట్టుమిషన్ రిపేరు" అని వెతికేవాళ్లలో సొంతంగా బాగుచేసుకుందామనుకునేవాళ్లుంటారు, ఆ పని నేర్చుకోవాలనుకునేవాళ్లుంటారు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లూ ఉంటారు. వాళ్లందరి క్లిక్‌లకూ బిల్లు మీకే వస్తుంది. కాబట్టి ఇందులో తెలివంతా ఎవరి క్లిక్ కొనాలో, ఎవరిది వద్దో తేల్చుకోవడంలోనే ఉంది.

కొందరు ఎస్ఈఓను, అంటే డబ్బు కట్టకుండానే సెర్చ్ ఫలితాల్లో పైకి వచ్చేలా సైటును తీర్చిదిద్దుకోవడాన్ని, కూడా ఇందులో కలిపే చెబుతారు. ఇక్కడ మాట్లాడుకునేది డబ్బు కట్టి వేసుకునే ప్రకటనల గురించి మాత్రమే. ఉదాహరణలకు గూగుల్ యాడ్స్‌నే తీసుకున్నాను. బింగ్‌లో కనిపించే మైక్రోసాఫ్ట్ అడ్వర్టైజింగ్ కూడా చాలావరకు ఇదే పద్ధతిలో నడుస్తుంది.

1. ముందు లెక్క, తర్వాతే అకౌంటు

ఒక ఆర్డరు మీద ఖర్చులన్నీ పోను మీకు 600 మిగులుతుందనుకుందాం. అందులో సగం, అంటే 300, ప్రకటనకు పెట్టడానికి మీరు సిద్ధం. మీ పేజీకి వచ్చిన 100 మందిలో నలుగురు ఆర్డరిస్తే, ఒక్క ఆర్డరు రావడానికి 25 క్లిక్‌లు కావాలి. 300ను 25తో భాగిస్తే 12. క్లిక్‌కు 12 దాటితే మీరు అనుకున్న లాభంలోంచి తీసి ఇస్తున్నట్టే.

జనం ఏ మాట వెతికితే మీ ప్రకటన రావాలో ఆ మాటను కీవర్డ్ అంటారు. ఇప్పుడు గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్ తెరవండి. మీరు అనుకున్న మాటకు పేజీ పైభాగంలో కనిపించడానికి ఎంత బిడ్ (ఒక్క క్లిక్‌కు ఇస్తామని చెప్పే ధర) నడుస్తోందో అది చూపిస్తుంది. అక్కడ 40 అని కనిపిస్తే, ఆ మాట ఎంత ముద్దొచ్చినా ప్రస్తుతానికి వదిలేయడమే మంచిది. ఒకసారి వచ్చిన కస్టమరు మళ్లీ మళ్లీ కొనే వ్యాపారమైతే లెక్క వేరు. ఇక్కడ 100కు నలుగురు అన్నది నేను వేసుకున్న అంకె. మీ సొంత అంకె చేతికొచ్చేదాకా ఇంకా తక్కువే అనుకోండి.

2. కన్వర్షన్ ట్రాకింగ్ పెట్టండి

ఆర్డరు పూర్తయింది, ఫారం నింపారు, ఫోన్ చేశారు: మీకు పనికొచ్చేవి ఇవే. వీటినే కన్వర్షన్లు అంటారు. ఏ కీవర్డ్ నుంచి ఇవి వస్తున్నాయో లెక్క అందకపోతే ప్రకటన మొదలుపెట్టకండి. పేజీ తెరవడాన్ని కూడా కన్వర్షన్ కింద పెట్టేవాళ్లున్నారు. రిపోర్టు కళకళలాడుతుంది కానీ, ఆటోమేటిక్ బిడ్డింగ్ (బిడ్‌ను గూగులే నిర్ణయించే పద్ధతి) దాన్నే నమ్మి ఊరికే పేజీ తెరిచి పోయేవాళ్లను మరింతమందిని తెచ్చిపెడుతుంది.

3. ఏ మాటలు కొనాలి, ఏవి ఆపాలి

అన్నింటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "కుట్టుమిషన్" అన్న ఒక్క మాట వెనుక ఏ అవసరం ఉందో ఎవరూ చెప్పలేరు. "కుట్టుమిషన్ రిపేరు చార్జీ ఎంత" అని వెతికే మనిషి దాదాపు మీ గుమ్మం దగ్గరికి వచ్చేసినట్టే. కాబట్టి పొడవైన, పని తెలిపే మాటలతో మొదలుపెట్టండి. తెలుగువాళ్లు ఒకే విషయాన్ని తెలుగు లిపిలోనూ వెతుకుతారు, తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టీ వెతుకుతారు. రెండూ రాసుకోండి.

కీవర్డ్‌ను మామూలుగా టైపు చేసి వదిలేస్తే అది బ్రాడ్ మ్యాచ్ అవుతుంది. అంటే దానికి ఏదో రకంగా సంబంధం ఉందనిపించిన వెతుకులాటలన్నింటికీ మీ ప్రకటన కనిపించవచ్చు. కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఫ్రేజ్ మ్యాచ్, చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ మ్యాచ్. పేరు ఎగ్జాక్టే అయినా, అదే అర్థమొచ్చే వేరే మాటలకూ ప్రకటన వస్తుంది. కొత్తలో ఫ్రేజ్, ఎగ్జాక్ట్ చాలు. కన్వర్షన్లు బాగా పోగయ్యాక బ్రాడ్ సంగతి చూడొచ్చు.

వద్దనుకునే మాటల జాబితాను నెగటివ్ కీవర్డ్స్ అంటారు. "ఉద్యోగం", "కోర్సు", "ఉచితం", "ఎలా చేయాలి" లాంటివి మొదటి రోజే అందులో పడేయండి. ఇక్కడొక చిక్కుంది. మామూలు కీవర్డ్ తన చుట్టాలన్నింటినీ వెంట తెచ్చుకుంటుంది కానీ, నెగటివ్ కీవర్డ్ అలా చేయదు. "ఉద్యోగం" ఆపితే "ఉద్యోగాలు" ఆగదు. ఏకవచనం, బహువచనం, అదే అర్థమున్న ఇంకో మాట, అన్నీ విడివిడిగా ఇవ్వాలి.

4. ముందే టిక్ పెట్టి ఉన్న సెట్టింగులు

కొత్త క్యాంపెయిన్ తెరిచినప్పుడు కొన్ని మనకోసం ముందే ఎంచి ఉంటాయి. లొకేషన్ దగ్గర, ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లతోపాటు దాని మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా ప్రకటన వెళ్లేలా ఉంటుంది. మీరు ఇంటికెళ్లి పనిచేసేవాళ్లయితే వేరే దేశంలో కూర్చుని మీ ఊరి గురించి చదివే మనిషి క్లిక్ మీకెందుకు? అక్కడే ఉన్నవాళ్లకు మాత్రమే అన్న ఆప్షన్‌కు మార్చండి. డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్ ప్రకటనలు చూపించే వేరే సెర్చ్ సైట్లు) టిక్‌లు కూడా తీసేయండి. డిస్‌ప్లే అంటే యాప్‌లలో, వేరే సైట్లలో కనిపించే ప్రకటన. దాన్ని చూసేవాళ్లు దేనికోసమూ వెతకడం లేదు. గూగుల్ చేసే సిఫార్సులు వాటంతటవే అమలయ్యే ఆప్షన్ ఉందేమో కూడా చూసి ఆపేయండి.

రోజువారీ బడ్జెట్ కూడా పేరంత సూటిగా ఉండదు. ఒక్కో రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు కావచ్చు. నెలకు మాత్రం దానికి 30.4 రెట్లు దాటదు. ఇది తెలియక మొదటి వారంలోనే టెన్షన్ పడిపోతారు చాలామంది.

5. ప్రకటన రాయడం

ఎవరి ప్రకటన పైన రావాలో బిడ్‌ల వేలంపాటలో తేలుతుంది. 1998లో గోటు.కామ్ అనే సెర్చ్ సైటు ఈ వేలంపాటను మొదలుపెట్టినప్పుడు ఎక్కువ డబ్బిచ్చినవాడిదే పైచోటు. 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో వచ్చిన గూగుల్, 2002లో బిడ్‌తోపాటు జనం ఆ ప్రకటనను ఎంతగా క్లిక్ చేస్తున్నారో కూడా లెక్కలోకి తెచ్చింది. ఇప్పుడు ఒక్కో కీవర్డ్‌కూ 1 నుంచి 10 దాకా క్వాలిటీ స్కోరు కనిపిస్తుంది. క్లిక్ పడే అవకాశం, వెతికిన మాటకు ప్రకటన సరిపోవడం, క్లిక్ చేశాక తెరుచుకునే పేజీ తీరు అందులో చూస్తారు. ఇవి బాగుంటే పెద్ద కంపెనీ కన్నా తక్కువ బిడ్‌తో కూడా దానికన్నా పైన నిలబడొచ్చు.

ఒక ప్రకటనకు 30 అక్షరాల లోపు హెడ్‌లైన్లు 15 దాకా, 90 అక్షరాల లోపు వివరణలు 4 దాకా ఇవ్వొచ్చు. గూగుల్ వాటిని కలిపి చూపిస్తుంది కాబట్టి ఏ రెండు పక్కపక్కన పడినా అర్థం చెడకూడదు. "నమ్మకమైన సేవ" అని అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. "ఫ్యాక్టరీ మిషన్లకు మాత్రమే" అని రాస్తే ఇంట్లో మిషన్ ఉన్న మనిషి క్లిక్ చేయడు. క్లిక్‌ల శాతం కాస్త తగ్గినా ఆ డబ్బు మిగులుతుంది.

క్లిక్ చేసినవాళ్లను హోమ్ పేజీకి కాకుండా, అడిగిన విషయమే ఉన్న పేజీకి పంపండి.

6. మొదటి వారాలు

ప్రకటన వస్తోందో లేదో చూద్దామని మీరే మాటిమాటికీ వెతక్కండి. దానికి యాడ్ ప్రివ్యూ టూల్ ఉంది. రోజూ బిడ్‌లు కెలకడం కూడా వద్దు. మీ పని సెర్చ్ టర్మ్స్ రిపోర్టు చదవడం. జనం నిజంగా ఏం టైపు చేసి మీ ప్రకటన దాకా వచ్చారో అందులో ఉంటుంది. 2020 నుంచి కొద్దిమందే వెతికిన మాటలను గూగుల్ అందులో చూపించడం మానేసింది. కనిపించినంత మేర చదివినా చాలు, ప్రతిసారీ నెగటివ్ జాబితాలోకి కొత్త మాటలు దొరుకుతూనే ఉంటాయి.

మీ వ్యాపారం పేరు మీద మీరే ప్రకటన వేసుకుంటున్నారా? ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబే ఒకసారి తన పేరు మీద వేసే ప్రకటనలు ఆపి చూసింది. ఆ క్లిక్‌లు దాదాపు అన్నీ పైసా ఖర్చు లేని మామూలు ఫలితాల నుంచే వచ్చేశాయి. అందరికీ తెలిసిన పేరు కాబట్టి అలా జరిగింది. మీ పేరు మీద పోటీవాళ్లు ప్రకటనలు వేస్తుంటే ఫలితం వేరుగా ఉండొచ్చు. రెండు వారాలు ఆపి, మొత్తం ఆర్డర్లు తగ్గాయో లేదో చూసి నిర్ణయించుకోండి.

ఇదంతా ఎవరికైనా అప్పజెప్పాలనుకుంటే, అకౌంటు మీ ఈమెయిల్ మీదే తెరిచి వాళ్లకు యాక్సెస్ మాత్రం ఇవ్వండి. వాళ్ల అకౌంటులో నడిపిస్తే, విడిపోయిన రోజున ఇన్నాళ్లూ డబ్బు పోసి తెలుసుకున్న కీవర్డ్‌ల చరిత్ర అంతా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. వాళ్లు ఏ రోజు ఏం మార్చారో ఛేంజ్ హిస్టరీలో మీరే చూసుకోవచ్చు.